ఉడికిన పిక్క, ఎండిన పప్పు ఒకటి కాదు

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లోకి వెళ్లిన పిక్క ఒక రూపంలో నిలవదు. ఎండబెట్టిన పిక్క బాయిలర్ ఆవిరిలో ఉడుకుతుంది, చల్లారాక కోతకు వస్తుంది. తొక్కలోంచి బయటపడిన పప్పు డ్రయ్యర్‌లోకెక్కి, పొట్టు ఊడేంత పెళుసవుతుంది. డ్రయ్యర్ నుంచి దిగేసరికి దానిలో తేమ 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మరీ పెళుసుగా ఉంటే విరిగిపోతుందని ప్యాకింగ్‌కు ముందు మళ్లీ 5 శాతానికి దగ్గరగా తెస్తారు. పప్పు విరగకుండా గుండుగా మిగులుతుందా, బద్దగానో ముక్కగానో మారుతుందా అన్నది చాలావరకు ఈ రెండు శాతం తేడాలోనే తేలుతుంది.

పలాస వ్యాపారమంతా గుండుకూ ముక్కకూ ఉన్న తేడా మీదే నడుస్తోంది. డబ్ల్యూ 320 అంటే పౌండుకు 300 నుంచి 320 గుండ్లు తూగే రకం. అదే పప్పు విరిగితే రుచి మారదు, ధర మాత్రం పడిపోతుంది.

పప్పును తక్కువగా విరగ్గొట్టే యంత్రమేదో ముందే తేల్చుకునే దారి ఒకటుంది. ధాన్యం, మాత్రలు, ఖనిజం వంటి గింజ సరుకును మోసే యంత్రాలను ఇవాళ లోహం కొయ్యకముందే కంప్యూటర్‌లో నడిపి చూస్తున్నారు. ఆ లెక్క పేరు డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్. పీటర్ కండాల్ 1971లో రాతి దిమ్మెల కదలిక కోసం దీన్ని ప్రతిపాదించారు. 1979లో ఓటో స్ట్రాక్‌తో కలిసి గింజల రాశులకు వర్తింపజేశారు. రాశిలోని ప్రతి గింజనూ విడిగా తీసుకుని, అది దేన్ని తాకింది, ఎంత బలంతో తాకింది, ఎటు దొర్లింది అని సెకనులో లక్షో వంతు లాంటి చిన్న కాలపు అడుగులతో లెక్కగడుతూ పోతారు. ఇందుకు ప్రతి పదార్థానికీ కొన్ని అంకెలు ఇవ్వాలి: సాంద్రత, గట్టిదనం, ఘర్షణ, దొర్లుడుకు ఎదురొచ్చే నిరోధం, తగిలాక ఎంత ఎగురుతుందన్న గుణకం.

టెక్కలి గ్రానైట్‌కు ఈ అంకెలు ఒకసారి ఇస్తే సరిపోతుంది. రాయి క్వారీలో ఉన్నా లారీలో ఉన్నా గట్టిదనం ఒకటే. జీడి అలా కాదు. పిక్కకు, ఉడికిన పిక్కకు, పచ్చి పప్పుకు, ఎండిన పప్పుకు వేర్వేరు అంకెలు కావాలి. డ్రయ్యర్‌ను లెక్కలోకి తెస్తే, లెక్క నడుస్తుండగానే ఆ అంకెలు మారుతూ ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండు గింజలు తాకినప్పుడు ఒకదాని అంచు రెండోదానిలోకి రవ్వంత చొచ్చుకుపోయినట్టు సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. ఆ చొరబాటును బట్టే అవి ఒకదాన్నొకటి ఎంత బలంగా నెట్టుకుంటాయో తేలుస్తుంది. సరిగ్గా ఆ స్థితిలో గట్టిదనం అంకెను రెట్టింపు చేస్తే, ఆ తాకిడిలో నిలవున్న శక్తి కూడా రెట్టింపవుతుంది. బయటి నుంచి ఎవరూ ఇవ్వని శక్తి అది. ట్రేలో కదలకుండా ఉన్న పప్పు తెరమీద పేలాల్లా ఎగిరిపడుతుంది. అందుకే మార్పును చిన్నచిన్న మెట్లుగా చెయ్యాలి, ప్రతి మెట్టు తర్వాత రాశిని సర్దుకోనివ్వాలి, మొత్తం శక్తి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. గింజ గట్టిపడేకొద్దీ లెక్కలో కాలపు అడుగు కూడా చిన్నది కావాలి. దాన్ని పాత కొలతలోనే వదిలేస్తే ఫలితాన్ని నమ్మలేం.

అడుగు చిన్నదైతే లెక్క రోజుల తరబడి సాగుతుంది. దాన్ని తప్పించుకోవడానికి చాలామంది గింజను అసలుకన్నా మెత్తగా చూపిస్తారు. గట్టిదనాన్ని వందో వంతు చేస్తే అడుగు పదింతలు పెరుగుతుంది, పది రోజుల పని ఒక్క రోజులో ముగుస్తుంది. గొట్టంలోంచి పిక్కలు సాఫీగా జారుతున్నాయా అని చూడడానికి ఈ పద్ధతి తరచుగా పనికొస్తుంది. పప్పు విరుగుతుందా అని చూడడానికి మాత్రం పనికిరాదు. మీటరు ఎత్తునుంచి రాలిన పప్పు ఇనుప రేకును సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో తాకుతుంది. మెత్తగా చూపించినా ఆ వేగం మారదు, దెబ్బ మారుతుంది. 1880లలో హైన్రిచ్ హెర్ట్జ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, గుండ్రటి వస్తువు గట్టిదనం వందో వంతైతే తాకిడిలో పుట్టే గరిష్ఠ బలం ఆరో వంతుకు పడిపోతుంది. తెరమీద చెక్కుచెదరని పప్పు పలాస రేకు మీద బద్దవుతుంది. పప్పు విరగకపోవడం మీద ఆధారపడిన పరిశ్రమకు ఇలాంటి లెక్కతో యంత్రం అమ్మడం అన్యాయం.

పెట్టే అంకెలు ఎక్కడివన్నది ఇంకో పెద్ద ప్రశ్న. ఏదో దేశపు పిక్క మీద తీసిన కొలతను తెచ్చి పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్కకు పెట్టేస్తే కుదరదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చేసింది. అక్కడి పిక్కతోపాటు పలాస బాయిలర్లకు ఆఫ్రికా పిక్కలు కూడా వస్తున్నాయి. తొక్క మందం, పరిమాణం, తేమ వేరువేరుగా ఉండే సరుకు ఒకే యంత్రంలో పడుతోంది. కుప్ప పోసి దాని వాలు కొలిచి అంకెలు సరిచేసుకోవడం అందరూ చేసే పని. ఒక్క వాలు చాలదు. ఘర్షణ ఎక్కువగా, దొర్లుడు నిరోధం తక్కువగా పెట్టినా, అటుదిటు చేసినా అదే వాలు రావచ్చు. వాలుతోపాటు రేకు మీద జారే కోణం, రేకు మీద పడి ఎగిరే ఎత్తు, ఎంత బలానికి విరుగుతుందన్నదీ కొలవాలి. ఇదంతా ఉద్దానం పిక్కకూ, దిగుమతి పిక్కకూ విడివిడిగా, ప్రతి దశలోనూ జరగాలి.

దీనికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. టెక్కలిలోనే ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ ఉంది. బాపట్లలో జీడి పరిశోధన స్థానం ఉంది. ఈ లెక్క చేసే Yade, LIGGGHTS లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. లేనిది పలాస సరుకు కొలతల పట్టిక ఒక్కటే. అది ఒక కంపెనీ బీరువాలో ఉండకూడదు. ప్రజల డబ్బుతో తయారై, చిన్న యంత్రం చేసే వర్క్‌షాపుకూ అందుబాటులో ఉండాలి. ఎనభై కిలోల బస్తాకు గిట్టుబాటు ధర కోసం రైతు రోడ్డెక్కుతున్న చోట పప్పు విరగడం తగ్గితే మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు. తొక్కలోని జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంటే కోత బల్లల దగ్గర కూర్చునే ఆడవాళ్లకు ఆ రసం తగలనివ్వని యంత్రాలు కావాలన్నా పని ఇక్కడే మొదలవ్వాలి. పప్పు ఏ దశలో పెళుసెక్కిందో చేత్తో చెప్పగలిగిన ఆ కార్మికులను కొలతల బృందంలో జీతమిచ్చి చేర్చుకోవాలి.

మార్చిలో కొత్త పిక్క దిగుతుంది. ముందుగా కొలవాల్సింది డ్రయ్యర్ నుంచి దిగిన పప్పును: 3, 4, 5 శాతం తేమల దగ్గర, అర మీటరు, మీటరు ఎత్తుల నుంచి ఇనుప రేకు మీదికీ, రబ్బరు పరిచిన రేకు మీదికీ జారవిడిచి, ఎన్ని గుండ్లు మిగిలాయో రాసుకుంటే పట్టికలో మొదటి వరస నిండుతుంది.