ముందు ప్రయాణ ఖర్చులివ్వండి

మధ్యయుగ ఆంగ్ల సాహిత్యం మీద పరిశోధన చేసే విద్యార్థికి పతకం కన్నా ముందు ప్రయాణ ఖర్చులు కావాలి. పాత ఇంగ్లీషు కవిత్వంలో మనదాకా వచ్చినదంతా దాదాపుగా నాలుగే నాలుగు రాతప్రతుల్లో ఉంది. ‘బేవుల్ఫ్’ కావ్యం ఉన్నది లండన్‌లో, ఇంకొకటి ఆక్స్‌ఫర్డ్‌లో, మరొకటి ఎక్సెటర్ కెథెడ్రల్‌లో, నాలుగోది ఎక్కడో ఇటలీలోని వెర్చెల్లీలో. ఫొటోలు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు కదా అంటారు. నిజమే, ఆ సౌకర్యం ఎంతోమందిని ఈ చదువులోకి తెచ్చింది. కానీ 1731 అగ్నిప్రమాదంలో ‘బేవుల్ఫ్’ ఆకుల అంచులు మాడి పొడిపొడిగా రాలిపోయాయి. ఎక్సెటర్ ప్రతి చివరి ఆకుల్ని నిప్పు తొలిచేసింది. ఆ రంధ్రం పక్కన మిగిలిన సగం గీత ఏ అక్షరానిదో, రాయసగాడు ఎక్కడ గీకి దిద్దాడో తేల్చాలంటే చర్మపత్రం కళ్లెదుట ఉండాలి, వెలుతురు పడే కోణం మార్చి మార్చి చూడాలి. ఈ కవిత్వం కన్నా తర్వాతి కాలానిదే అయినా, నిధుల విషయంలో ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని మధ్యయుగ అకాడమీ 1350-1500 నాటి బ్రిటన్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థులకు 30 వేల డాలర్ల షాలెక్ ఫెలోషిప్ ఇస్తోంది. అదే పేరుతో 2 వేల డాలర్ల చిన్న అవార్డులూ ఉన్నాయి. నా ఓటు ఈ చిన్నవాటికే. పెద్ద ఫెలోషిప్ ఒక్కరిని ఏడాదిపాటు నిలబెడుతుంది, మంచిదే. అంత సొమ్ముతో పదిహేను మంది లైబ్రరీ గడప తొక్కగలరు. సాహిత్యం పేరిట కొత్తగా నిధి పెట్టాలనుకునే దాతలారా, మీ మొదటి చెక్కు ఆ ప్రయాణాలకే రాయండి.