మా దిక్కు కచేరీలు లేవన్నదెవరు?

మా అక్క కూతురు తాండూరులో పుట్టి పెరిగింది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్న ఆఫీసులో నలుగురూ కూర్చుని, చిన్నప్పుడు ఎవరెవరు ఏ లైవ్ కన్సర్ట్ చూశారో చెప్పుకున్నారట. ఒకరు గచ్చిబౌలి స్టేడియం అన్నారు, ఇంకొకరు బెంగుళూరు అన్నారు. తన వంతు వచ్చేసరికి "మా దిక్కు అసొంటివి లేవు, నేను ఒక్కటీ చూడలే" అన్నదట. ఆ సంగతి నాకు ఫోన్లో చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్ల తప్పేమీ లేదు. లోకం అనుకునేదే తనూ అన్నది. కచేరీ అంటే టిక్కెట్టు, వేదిక, రంగుల లైట్లు, పేరున్న గాయకుడు ఉండాలని, అది పట్నంలోనే దొరుకుతుందని, వికారాబాద్, తాండూరు పిల్లలకు సినిమా హాలు, సెల్‌ఫోన్ తప్ప ఎదురుగా పాడేవాళ్లను వినే యోగం లేదని చదువుకున్నవాళ్లు చాలామంది నమ్ముతున్నారు. మా జిల్లా మేలు కోరేవాళ్లు కూడా ఇదే మాట జాలిగా అంటారు. ఆ జాలి మాకు అక్కర్లేదు. అది అబద్ధం మీద నిలబడ్డది.

తాండూరు దాటి కొంచెం పోతే కర్ణాటక. బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ నాలుగూ వినబడతాయి. అన్ని భాషలున్న చోట అన్ని పాటలూ ఉంటాయి. భద్రేశ్వరుడి జాతర, లింగాయతుల ఇళ్లలో వచనాలు, సప్తాహాల్లో తెల్లార్లూ సాగే భజనలు, తండాల్లో తీజ్ పాటలు, బతుకమ్మ. పీర్ల పండుగ రాత్రి అలావ (నిప్పుల గుండం) చుట్టూ తిరుగుతూ పాడేవాళ్లలో హిందువులు చాలామంది, ఆ పాటలు తెలుగువే. గుల్బర్గా బందేనవాజ్ ఉర్సుకు రైలెక్కి పోయి ఖవ్వాలీ విని వచ్చినవాళ్లు మా వాడలో ఎందరో. వికారాబాద్ దిక్కు, మూసీ పుట్టిన అనంతగిరి కొండ మీద కార్తీక జాతరకు ఊరూరి నుంచి భజన బృందాలు తాళాలు, మృదంగాలు మోసుకుని ఎక్కుతాయి. ఇవన్నీ దాటి వచ్చిన పిల్ల "ఒక్కటీ చూడలే" అంటున్నది!

నా మట్టుకు నాకు ఈ రోజుకూ ఒంట్లో మిగిలి ఉన్నది చిరుతల రామాయణం. మా మేనమామ నాపరాయి గనిలో పనిచేసేవాడు. పొద్దంతా బండలు లేపిన చేతులతో రాత్రి చిరుతలు (తాళం వేసే చెక్కలు) పట్టేవాడు. నేర్పే గురువు పొరుగూరి నుంచి వచ్చి మూడు నెలలు ఊళ్లోనే ఉన్నాడు. రోజుకొక ఇంట్లో అన్నం. అడుగు తప్పితే పెద్దా చిన్నా చూడకుండా కసిరేవాడు. పంట ఇళ్లకు చేరినాక ఆట మొదలైంది. పెట్రోమాక్స్ లైట్లు, ఒక హార్మోనియం, ఒక మద్దెల, ఇరవై జతల గజ్జెలు. మామ రావణుడు. మాకు బియ్యం అరువిచ్చే దుకాణదారు హనుమంతుడు. మందోదరి వేషం వేసింది మీసాలు తీయించుకున్న ఒక సాలె ఆయన. రావణుడికి బుద్ధి చెప్పే పాటలో ఒకచోట ఆయన గొంతు జీరపోయింది. అది అలసటో ఏడుపో మాకెవరికీ తెలియలేదు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. తెల్లారి అదే మనిషి మగ్గం ముందు కూర్చుంటే నేను పోయి చాలాసేపు ఆయన మొహం చూసిన. నిన్న రాత్రి విన్న దుఃఖం ఆ మొహంలో ఎక్కడ ఉందోనని వెతికిన.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. కోతి వేషం నాది. ఒక్క ముక్క పాట లేదు, గంతులేసుడే. అయినా ఆ తాళం లోపల నేనున్న.

కన్సర్ట్ మనసులో నిలవడానికి పాడేవాళ్ల కీర్తే కారణమని అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఎరిగిన మనిషి మన కళ్లముందే ఇంకొకడైపోవడం, పాట ఎక్కడ తెగుతుందోనని మన ఊపిరి కూడా బిగబట్టుకోవడం, ఆ తాళంలో మనకూ ఇంత చోటు దొరకడం. పసితనంలో లోపల నాటుకునేవి ఇవి. 2025 జనవరిలో అహ్మదాబాదులో కోల్డ్‌ప్లే పాడితే లక్ష మందికి పైగా పోయినారు. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ వెనక వరుసల్లో ఉన్నవాళ్లు చూసింది పెద్ద తెరనే. రవీంద్రభారతి 1961 నుంచి ఉంది. అక్కడ గొప్ప కచేరీలు జరిగినై, నేనూ విన్న. కానీ రాత్రి తొమ్మిదికి కచేరీ అయిపోతే వికారాబాద్ పిల్లవాడు ఏ బండి అందుకుని ఇల్లు చేరాలె? చేరలేని చోటును కొలబద్దగా పెట్టి, చేరువలో ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదు.

మా తర్వాతి తరానికి తెలంగాణ ఉద్యమ పాటల ధూంధాం ఉంది. 2002లో కామారెడ్డిలో మొదలై ఊరూరికీ పాకింది. కాలేజీ మైదానాల్లో అర్ధరాత్రి దాకా నాన్నల భుజాల మీద కూర్చుని విన్న పిల్లలు తమ ఇంట్లో మాట్లాడే భాష మైకులో వినబడటం మొదటిసారి అక్కడే చూశారు. బడిలో ఆ మాటలకే దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లు. రాష్ట్రం వచ్చింది 2014లో. ఆ పిల్లల లోపల అది అంతకు ముందే వచ్చింది. అది కన్సర్ట్ కాకపోతే మరేమిటి?

నాతో వాదించే మిత్రుడు ఒకాయన గట్టి మాటే అన్నాడు. "నువ్వు మురిసిపోయే ఆ కళల వెనక కులముంది, వెట్టి ఉంది. డప్పు కొట్టినోడికి ఆకలి, చూసినోడికి ఆనందం. పోతే పోనీ." ఇందులో మొదటి సగం నిజం. డప్పు వదిలేసి చదువుకున్న ప్రతి పిల్లవాడికీ నేను మొక్కుతాను. ఇష్టం లేని వాద్యాన్ని పుట్టుకను బట్టి ఎవరి మెడలోనూ వేయకూడదు. కానీ రెండో సగాన్ని నేను ఒప్పుకోను. మా పక్క జిల్లా నారాయణపేటలోని దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ వాయిస్తారు. వెదురు, సొరకాయ బుర్ర, తీగెలు, అంతే ఆ వాద్యం. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో అదే పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకే ఒక ఇల్లు కట్టే చోట ఆయన కూలి చేస్తూ కనబడ్డారు. ఈ ఇద్దరి వాద్యాలకు ఏ లోపమూ లేదు. లోపం మన చెల్లింపులో ఉంది. వాయించడం గొప్పదని ఒప్పుకుని, కూలి మాత్రం ఇనాం లెక్కన చేతిలో పెట్టే అలవాటు పోవాలె. కళ పోవాలనడం దానికి మందు కాదు.

డబ్బు లేదని అనేవాళ్లకు ఒక్క ప్రశ్న. పెండ్లికీ, గణేశుడి నిమజ్జనానికీ డీజే బండికి ఇచ్చే డబ్బు ఎక్కడిది? ఆ చప్పుడుకూ హద్దుంది: ఇండ్లున్న చోట రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరం నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. డీజే ముందు పసిపిల్లలు చెవులు మూసుకుంటారు. చిరుతల ముందు వాళ్లు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు, నేను చూసిన. వికారాబాద్‌లో ఆడిటోరియం కడితే సంతోషం, కట్టండి. తెర లేచిన మొదటి రోజు పట్నం నుంచి సినిమా గాయకుణ్ణి పిలవడానికి ముందు, కొండెక్కి వచ్చే భజన బృందాన్ని పిలవండి. వాళ్లకూ ముందే ఒప్పుకున్న ఫీజు ఇవ్వండి, రానూపోనూ చార్జీలివ్వండి, గోడపత్రిక మీద వాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో వేయండి. పిల్లలు ఆ పేర్లు చదవాలె.

ఇదంతా రాయకముందు మా అక్క కూతురికి మళ్లీ ఫోన్ చేసిన. "పీర్ల పండుగ నాడు మీ వాడకట్టు ఆడోళ్లు పాడే పాట గుర్తుందా బిడ్డా?" అని అడిగిన. కొంచెంసేపు చప్పుడు లేదు. బస్సులో ఉన్నట్టుంది, కండక్టర్ మాట వినబడింది. తర్వాత చిన్నగా ఎత్తుకుంది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. నాలుగు చరణాలు పాడింది.

"ఎవరు నేర్పిన్రు?" అన్న.

"ఎవరు నేర్పలే మామా. ఏటేటా అమ్మ చెయ్యి పట్టుకొని అలావ కాడ నిలబడుతుంటి గద."