తెలుపంటే ఏ తెలుపు?

తెలుపు ఒక్కటే అనుకునేవారు అదృష్టవంతులు. నేనూ అరవయ్యారేళ్ళు ఆ అదృష్టంలోనే కాలం గడిపాను. కిందటేడు మా వంటింటి అల్మారీలకు రంగు వేయించవలసి రావడంతో ఆ సుఖం కాస్తా తీరిపోయింది.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. ఇబ్రహీంపట్నం అనగానే కొందరు హైదరాబాదు పక్కనున్నది అనుకుంటారు. కొందరు బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డుది అనుకుంటారు. మాది ఆ రెండూ కాదు. మెట్‌పల్లి, కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఆ తరువాత జగిత్యాల జిల్లా. పసుపు పండే సీమ. ఈ పసుపు మాట కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దానితో పని పడుతుంది.

మా అమ్మ రోజుల్లో ఈ బాధ లేదు. పండుగకు ముందు సున్నం నానబోసేవారు, తుమ్మబంక కలిపేవారు, నీలిమందు చిటికెడు గుడ్డలో మూటగట్టి ముంచేవారు. నీలిమందు ఎక్కువ పడితే గోడలు కొత్తగా ఉతికిన ధోవతిలా నీలిచాయ కొట్టేవి. వంటింటికి మాత్రం మా అమ్మ నీలిమందు వద్దనేది. “అన్నం తెల్లగుండాలె గని గోడకెందుకు గంత తెలుపు?” అనేది. నీలం పడని సున్నం కాస్త వెచ్చని తెలుపుగా, పాలు విరగకముందు మీగడ కట్టినట్టు ఉండేది. ఆ గోడకు పసుపు చేయి తగిలితే మచ్చ ఎర్రబడేది. సున్నానికీ పసుపుకూ ఉన్న బంధుత్వం అలాంటిది. కాళ్ళకు రాసే పారాణి తెలిసిన ఇంట్లో ఇది ఎవరికీ వింత కాదు.

ఇప్పుడు గూళ్ళు పోయి చెక్క అల్మారీలు వచ్చాయి. మా ఇంట అవి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఎప్పుడో వేయించిన ఆకుపచ్చ రంగు పెచ్చులు లేస్తున్నది. దుబాయిలో ఉన్న మావాడు డబ్బు పంపి, “బాపూ, తెల్లగ చేపియ్యి. హోటల్ లెక్క మెరవాలె” అన్నాడు.

“హోటల్ లెక్క కాదు, దవాఖాన లెక్క ఉంటది,” అన్నది మా ఆవిడ పక్కనుంచి.

ఆమెకు కావలసిన రంగుకు ఆమె దగ్గర పేరు లేదు, నమూనా ఉన్నది. మెట్‌పల్లి దుకాణానికి బయలుదేరేముందు పొట్టు తీసిన నువ్వులు గుప్పెడు కొంగున ముడివేసుకున్నది. నువ్వు మా ప్రాంతపు పంటే లెండి. వేసవిలో నీళ్ళున్న చోట వేస్తారు. జగిత్యాల దగ్గర పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాలలో శ్వేత, హిమ అనేవి తెల్ల గింజలవి, చందన అనేది గోధుమవన్నెది. గింజల తెలుపులో ఏది ఎంత తెలుపో మా ఇంటి సంక్రాంతి సకినాల పిండికి బాగా తెలుసు. కాని ఆ రోజు నాకు అదంతా చాదస్తంగా తోచింది.

దుకాణంలో పిల్లవాడు విసనకర్రలాంటి కార్డుల కట్ట విప్పాడు. తెలుపు జాతివే ఎన్నో ఉన్నాయి. ఏనుగుదంతం, ముత్యం, మీగడ, బాదం, గుడ్డుపెంకు… పేర్లు వింటే వచ్చింది రంగుల దుకాణానికా, మిఠాయి దుకాణానికా అనిపిస్తుంది. నిజానికి వీటన్నిటి పుట్టుక ఒకటే. డబ్బాలో ఉండేది తెల్లని మూలం. దాన్ని యంత్రం కింద పెడితే పైనుంచి చుక్కలు పడతాయి: కొంత పసుపు మన్నువన్నె, కొంత ఎరుపు, ఒకింత నలుపు. చుక్కల పాళ్ళు మారితే పేరు మారుతుంది, ధర మారదు. ఎరుపు ఎక్కువైతే తెలుపు గులాబీ చాయకు వాలుతుంది. పసుపుతో నలుపు కలిసి కాస్త పెరిగితే ఆకుపచ్చ చాయకు వాలుతుంది. కార్డు ఒక్కదాన్ని చూస్తే ఈ వాలు కనబడదు. పక్కన తెల్ల కాగితం పెడితే బయటపడుతుంది.

మా ఆవిడ కాగితం మీద నువ్వులు పోసి, ఒక కార్డు దగ్గర వేలు ఆన్చింది. నేను దానికి మూడు మెట్లు కిందనున్న కార్డు పట్టుకున్నాను. నా కంటికి రెండూ ఒక్కటే. కింది రంగులో పసుపు మరకలు కనబడవని పిల్లవాడన్నాడు. రెండూ ఒక్కటే అయినప్పుడు మరక దాచేదే తీసుకోవడం వివేకం కాదా?

“గది పసుపుగున్నది. గీ నువ్వులు సూడుండ్రి, గా కాయితం సూడుండ్రి,” అన్నది.

“ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పట్టకం పట్టి ఏడు రంగులు చూపిచ్చినోణ్ణి. నాకు రంగులు నువ్వు చెప్తవా?” అన్నాను. పదిమందిలో అన్నాను. సైన్సు మాస్టరు ఉద్యోగం విరమించినా, మాస్టరు నోరు విరమించదు.

ఆమె నువ్వులు మళ్ళీ ముడివేసుకున్నది. దారిలో ఒక్క మాట లేదు.

రంగు పడింది. గరుకు కాగితం రుద్దడం, లప్పం, ప్రైమరు, ఆపైన నూనె రంగు రెండు పూతలు. వారం రోజులు వాసనకు ఇంట్లో అన్నం సహించలేదు. తరువాత నేను వచ్చినవారినందరినీ వంటింట్లోకి తీసుకుపోయి చూపించాను. మా చెల్లెలి కూతురు మాత్రం, “పెద్దమామా, పసుపు పొడి ఏమన్న కలిపిండ్రా?” అని నవ్వింది. ఈ కాలపు పిల్లలకు హాస్యం తెలియదనుకున్నాను.

ఆ తరువాత ఇంట్లో ఒక మార్పు వచ్చింది, నేను పెద్దగా పట్టించుకోలేదు. మా ఆవిడ కూరగాయలు బయట వరండాలో కూర్చుని తరగడం మొదలుపెట్టింది. బియ్యం ఏరడం అక్కడే, చింతపండు గింజలు తీయడం అక్కడే. వంటింట్లోకి పొయ్యి వెలిగించడానికి పోవడం, పని కాగానే రావడం. గాలికోసం కాబోలు అనుకున్నాను.

ఆరేడు నెలలకు నాకు రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల దీపాలచుట్టూ గుడి కట్టినట్టు కనబడసాగింది. కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపిస్తే రెండు కళ్ళకూ మోతిబిందు అన్నాడు. ముందు కుడికన్ను చేశారు. ఇరవై నిమిషాల పని. మర్నాడు కట్టు విప్పి ఇంటికి పంపారు. మంచినీళ్ళకోసం వంటింట్లోకి పోయాను.

అల్మారీలు నిమ్మకాయ పులిహోర రంగులో ఉన్నాయి.

మొదట ఎవరో మార్చి వేశారనుకున్నాను. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. నా పాత మీగడ తెలుపు చక్కగా కనబడింది. ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాను. పులిహోర. అటొకసారి, ఇటొకసారి, పట్టకంతో కూడా ఇంత స్పష్టమైన ప్రయోగం నేనెన్నడూ చేసి ఉండను.

సంగతి ఇది. వయసు మీదపడ్డకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, మోతిబిందు ముదిరితే మరీను. అది నీలపు వెలుగును లోపలికి పోనివ్వదు. మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది గనుక మనకు తెలియదు. మెదడు సర్దుకుని, తెలుపును తెలుపనే చెబుతుంది. కాని తెలుపుకూ లేత పసుపుకూ ఉన్న భేదమంతా ఆ నీలంలోనే ఉన్నది. అది రాకపోతే ఆ రెండూ కవలపిల్లలే. ఫ్రాన్సులో క్లోద్ మోనే అనే మహాచిత్రకారునికి ఇదే జరిగింది. రంగు గొట్టాల మీది పేర్లు చూసి రంగులు వేసుకోవలసిన స్థితి వచ్చింది. 1923లో, ఎనభై రెండేళ్ళ వయసున, కుడికంటికి శస్త్రచికిత్స చేశారు. ఆ తరువాత లోకమంతా మరీ నీలంగా ఉన్నదని ఆయన సణిగాడు. అంతటివాడికే తప్పలేదు గదా అని నాకు నేను చెప్పుకున్నాను గాని, మోనే ఎవరి వంటింటికీ రంగు నిర్ణయించలేదు.

నేను కళ్ళు మూస్తూ తెరుస్తూ ఉండడం చూసి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. “ఏందుల్లా, కన్ను గుంజుతున్నదా?”

“ఇది మొదట్నుంచి ఇట్లనే ఉన్నదా?”

ఆమె అల్మారీల వైపు చూసి, నా వైపు చూసి, “మొదట్నుంచి,” అన్నది. అంతే.

మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నూనె రంగులకు చీకట్లో పసుపెక్కే గుణం ఉన్నదని, ఎండ తగలని చోట, ఏదైనా అడ్డం ఉన్నచోట అది ఎక్కువని మొదలుపెట్టాను. అబద్ధం కాదు, నిజమే. మా ఆవిడ లేచి తలుపుకు వేలాడుతున్న క్యాలెండరు తీసింది. కింద రంగు చుట్టూ ఉన్నదానికన్న ఒక్క పిసరు ముదురుగా ఉన్నది. “గీ పిసరు పెయింటుది. మిగిలింది మీది,” అన్నది. అప్పుడు వరండా కత్తిపీట నాకు జ్ఞాపకం వచ్చింది. ఇన్ని నెలలు ఆమె గాలికోసం బయట కూర్చోలేదు.

మళ్ళీ రంగు వేయిద్దామన్నాను. ఈసారి దుకాణానికి ఆమె వెళ్ళింది, నేను సంచీ మోశాను.

ఆమె పద్ధతి చెబుతాను, మీకెవరికైనా పనికొస్తుందేమో. కార్డు చూసి డబ్బా కొనలేదు. మూడు రంగులు చిన్న డబ్బాలలో తెచ్చి, అడుగు పలకలు మూడింటికి రెండేసి పూతలు వేయించింది. వాటిని పడుకోబెట్టి చూడవద్దన్నది. తలుపు నిలువుగా ఉంటుంది గనుక పలకను నిలబెట్టే చూడాలి. పొయ్యి పక్కన వారం రోజులు నిలబెట్టి, ముందు పళ్ళెంలో నువ్వులు పోసి పెట్టింది. పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలవేళ మూడు పూటలా చూపు. మా వంటిల్లు వాస్తు ప్రకారం ఆగ్నేయంలో ఉన్నది. పొద్దుటి ఎండ పడితే మూడూ అందంగానే ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో ఎవరు అందంగా ఉండరు?

ఒకటి మా గట్టు పక్కన పెట్టేసరికి ఆకుపచ్చగా తేలింది. మా గట్టు రాయి కరీంనగర్ టాన్ బ్రౌను, ఎరుపు కలిసిన గోధుమవన్నెది. దాని పక్కన ఉన్నందువల్ల ఆ పలకలో దాగిన ఆకుపచ్చ బయటికొచ్చింది. ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త గోబెలాన్ నేతశాలలో అద్దకపు పని చూసేవాడు. నలుపు సరిగా రాలేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదు, పక్కనున్న దారంలో ఉన్నదని తేల్చి, 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. మా సిరిసిల్ల నేతకారులకు ఇది పుస్తకంతో పని లేని సంగతి.

రెండోది దీపాలవేళ ఓడిపోయింది. లోపం దానిది కాదు, మా ట్యూబులైటుది. దీపం పెట్టె మీద 6500 అని అంకె ఉన్నది. అంకె పెరిగినకొద్దీ వెలుగు నీలంగా, తగ్గినకొద్దీ వెచ్చగా ఉంటుంది. పాతకాలపు తీగ బల్బు 2700 దగ్గర ఉండేది. తెల్లకాగితం మీద నువ్వులు కూడా ఆ ట్యూబులైటు కింద పాలిపోయి కనబడడంతో ముందు దీపం మార్చాలన్నది. 4000 అంకె దీపం తెచ్చి పెడితే మూడో పలకా, నువ్వులూ అక్కాచెల్లెళ్ళలాగా కనబడ్డాయి. రంగు తేలింది.

ఈసారి నూనె రంగు కాక, పసుపెక్కని నీటి రంగు తీసుకున్నాము. గీకేటప్పుడు ఆమె పెయింటరును తడిపి గీకమన్నది, మనుమణ్ణి పక్కింటికి పంపింది. పాత రంగులలో సీసం ఉండేది, అడుగునున్న ఆ ఆకుపచ్చ ఏ కాలం నాటిదో. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి గదా అమలైంది.

మరి మరకలో? పడుతున్నాయి. వంటింట్లో పసుపు పడకపోతే అది వంటిల్లెట్లా అవుతుంది? పడగానే తుడుస్తుంది. సబ్బు తగిలితే మచ్చ ఒక్క క్షణం ఎర్రబడుతుంది. మా అమ్మ సున్నపుగోడ జ్ఞాపకం వస్తుంది. మిగిలిన చాయ ఉంటే తలుపు పొద్దుటెండకు తెరిచి పెడుతుంది. పసుపు ఎండకు నిలవదు.

మొన్న మావాడు ఫోనులో వంటిల్లు చూసి, “అమ్మా, తెల్లగనే చేపిచ్చిండ్రు గదా!” అని సంతోషించాడు. ఆ ఫోను కంటికి అంతే తెలుస్తుంది. మా ఆవిడ కాదనలేదు, బీరకాయ తరుగుతూ నవ్వింది. లోపలే కూర్చుని తరుగుతున్నది.

నా ఎడమకంటి ఆపరేషను వచ్చే నెల. ముందుగదికి ఏ రంగు బాగుంటుందని నిన్న నేనే అడిగాను.

“రెండో కన్ను కానియ్యుండ్రి,” అన్నది.