ఎం.సి.ఏ. ప్రవేశార్హతలు: సరిహద్దు విద్యార్థికి ఎదురయ్యే చిక్కులు

పావగడలోనో, హోసూరులోనో, రాయగడలోనో డిగ్రీ ముగించిన తెలుగు విద్యార్థికి కంప్యూటర్ సైన్సులో పై చదువు అనగానే ముందుగా స్ఫురించేది ఎం.సి.ఏ. ఎం.టెక్.లో చేరాలంటే సాధారణంగా నాలుగేళ్ల ఇంజనీరింగు పట్టా ఉండాలి. ఎమ్మెస్సీకి డిగ్రీలో అదే విషయం చదివి ఉండాలని అనేక విశ్వవిద్యాలయాలు కోరుతున్నాయి. బి.కాం., బి.ఏ. చదివిన గ్రామీణ విద్యార్థులకు ఈ రంగంలో ప్రవేశించే దారి చూపినది ప్రధానంగా ఎం.సి.ఏ. కోర్సే. ఆ దారి గత కొన్నేళ్లలో కొంత కురచ అయింది, కొంత సుగమమూ అయింది. ఈ రెండింటి ప్రభావమూ సరిహద్దు కుటుంబాలపై ఒకే తీరుగా లేదు.

2020-21 విద్యా సంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఎం.సి.ఏ. కాలపరిమితిని మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. ఒక ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు మిగిలాయని తల్లిదండ్రులు సంతోషించారు. అయితే లోతుగా పరిశీలిస్తే ఈ మిగులు అందరికీ దక్కినది కాదు. బి.సి.ఏ. చదివినవారు అంతకు ముందు కూడా లేటరల్ ఎంట్రీ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరి రెండేళ్లలోనే పట్టా పొందగలిగేవారు. తొలి సంవత్సరం నిజంగా అక్కరకు వచ్చినది కంప్యూటరు ముఖం చూడని బి.కాం., బి.ఏ. విద్యార్థులకే. ప్రోగ్రామింగు ఓనమాలు, వివిక్త గణితం, కంప్యూటరు నిర్మాణం వంటి పునాది పాఠాలు వారికి నిదానంగా బోధపడటానికి ఆ ఏడాది తోడ్పడేది. ఇప్పుడు ఆ పనిని బ్రిడ్జి కోర్సుకు అప్పగించారు. మిగతా పాఠాలతో పాటుగా సాగే ఈ బ్రిడ్జి కోర్సు ఒక పూర్తి సంవత్సరానికి సాటి రాగలదా అన్నది సందేహాస్పదమే. ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థికి తొలి సెమిస్టరే పెద్ద గండంగా పరిణమిస్తున్నది.

ఇక గణితం సంగతి. రెండేళ్ల కోర్సు ప్రవేశపెట్టిన నాటి నిబంధన ప్రకారం బి.సి.ఏ. లేదా తత్సమాన పట్టా ఉన్నవారు అర్హులు. బి.ఎస్సీ., బి.కాం., బి.ఏ. వారైతే ఇంటర్మీడియట్ స్థాయిలోగానీ డిగ్రీలోగానీ గణితం చదివి ఉండాలి. అర్హత పరీక్షలో 50 శాతం మార్కులు, రిజర్వుడు వర్గాలకు 45 శాతం తప్పనిసరి. 2024-27 కాలానికి విద్యామండలి వెలువరించిన మార్గదర్శకాలలో గణితం ఉంటే మేలన్న ధోరణి కనిపిస్తుంది. గణితం లేనివారు తప్పనిసరిగా బ్రిడ్జి కోర్సు చదవాలి. అయినా మండలి సడలించినంత మాత్రాన ప్రతి రాష్ట్రమూ, ప్రతి విశ్వవిద్యాలయమూ సడలించి తీరాలని లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐసెట్, కర్ణాటక పి.జి.సెట్, తమిళనాడు టాన్సెట్, ఒడిశా ఓ.జె.ఇ.ఇ., మహారాష్ట్ర ఎం.సి.ఏ. సెట్ దేని ప్రకటన దానిదే. కనుక ఈ అర్హతకు బీజం పడేది డిగ్రీ తరువాత కాదు, పదో తరగతి ముగిసిన వేసవిలో. లెక్కలంటే భయపడి గణితం లేని గ్రూపు ఎంచుకున్న పిల్లవాడు అయిదేళ్ల తరువాత ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించవలసి రావచ్చు. పి.యు.సి.లోనో ప్లస్ టూలోనో బేసిక్ మ్యాథ్స్, బిజినెస్ మ్యాథ్స్ చదివినవారు దానిని గణితంగా అంగీకరిస్తారో లేదో దరఖాస్తుకు ముందే విచారించుకోవడం మంచిది.

అన్నిటికంటె జటిలమైనది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండటం స్థానికతకు ప్రధాన కొలమానం. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. హోసూరు నుంచి వెళ్లి కుప్పంలో మూడేళ్ల డిగ్రీ మాత్రమే చదివిన విద్యార్థికి ఒక సంవత్సరం తక్కువ పడుతుంది. ఇంటర్మీడియట్ కూడా ఆవలనే చదివి ఉంటే అయిదేళ్లవుతాయి, స్థానికత సిద్ధిస్తుంది. ఇంకొక చిక్కు సొంత రాష్ట్రంలో ఎదురవుతుంది. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటు కోరేవారు ఆ రాష్ట్రంలో నిర్ణీత సంవత్సరాలు చదివి ఉండాలి. మధ్యలో కొన్నేళ్లు తెలుగు కోసమనో, పేరున్న కళాశాల అనో సరిహద్దు దాటించిన పిల్లలు రెండు చోట్లా లెక్కకు అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. మేనమామ ఇంట ఉంచి చదివించే సంప్రదాయం మన గ్రామాలలో సామాన్యమే గనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది.

స్థానికేతరులకు మిగిలిన 15 శాతం అన్రిజర్వుడు సీట్లలోనూ షరతులున్నాయి; పైగా అక్కడ స్థానికులు కూడా పోటీపడతారు. అయితే చాలామంది గమనించని ఒక వెసులుబాటు ఇందులో ఉన్నది. విద్యార్థి గానీ, తల్లిదండ్రులలో ఒకరు గానీ మొత్తం పదేళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉంటే ఈ సీట్లకు దరఖాస్తు చేయవచ్చునన్నది చిరకాలంగా ఉన్న నిబంధన. హిందూపురంలోనో, పలమనేరులోనో, ఇచ్ఛాపురంలోనో పుట్టి పెరిగి ఇవతలి గ్రామానికి కోడలిగా వచ్చిన తల్లి ఎందరి ఇళ్లలో లేదు! ఆమె పుట్టింటి నివాసమే బిడ్డకు అర్హత కావచ్చు. అందుకు ఆ ఊరి తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువీకరణ కావాలి. పెళ్లయి పాతికేళ్లు గడిచిన తరువాత ఆ పత్రం సంపాదించడం ఒక్క రోజులో తేలే పని కాదు. విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు విధించిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసినందున ఇకపై తెలంగాణ నివాసాన్నీ, ఆంధ్ర నివాసాన్నీ వేర్వేరుగా చూసుకోవాలి. ఆ ఏటి ప్రకటనలోని పదాలే ప్రమాణం.

ఈ స్థానికత గొడవ అక్కరలేని మార్గం ఎన్.ఐ.టి.ల ఎం.సి.ఏ.కు జరిగే నిమ్‌సెట్. ఇది అఖిల భారత పరీక్ష. అయితే అర్హత కఠినం: డిగ్రీలో గణితం లేదా గణాంకశాస్త్రం, 60 శాతం మార్కులు లేదా 6.5 సి.జి.పి.ఏ. ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు పలు పి.జి. కోర్సులకు 2022 నుంచి సి.యు.ఇ.టి.-పి.జి. ద్వారా విద్యార్థులను తీసుకుంటున్నాయి.

డబ్బు విషయంలో ఒక తేడాను పేద కుటుంబాలు గుర్తించాలి. గేట్ అర్హతతో ఎం.టెక్.లో చేరినవారికి విద్యామండలి నెలకు రూ. 12,400 ఉపకారవేతనం ఇస్తున్నది. ఎం.సి.ఏ.కు అటువంటిది లేదు. ఎం.సి.ఏ. చదివినవారు గేట్ రాయవచ్చు గనుక ఎం.టెక్. ఆశ పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు. ఇల్లు విడిచి వెళ్లలేనివారికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇగ్నో దూరవిద్యలో రెండేళ్ల ఎం.సి.ఏ. అందుబాటులో ఉన్నది. కానీ దూరవిద్యలో ఎం.టెక్. అని ఎవరైనా చెబితే నమ్మరాదు. దూరవిద్య ఇంజనీరింగు పట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 2017లోనే తీర్పు చెప్పింది.

కర్ణాటకవారికి మరొకటి. 2021-22లో అక్కడ ప్రవేశపెట్టిన నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతిని 2024-25 నుంచి విరమించి మూడేళ్ల డిగ్రీని పునరుద్ధరించారు. నాలుగో సంవత్సరం కూడా చదివినవారికి ఒక్క ఏడాదిలో పి.జి. ముగించే వీలు యు.జి.సి. 2024 నిబంధనావళిలో ఉన్నప్పటికీ, అటువంటి కోర్సును ఏ విశ్వవిద్యాలయం నడుపుతున్నదో విచారించాకే ముందడుగు వేయాలి. అమెరికా ఆశ ఉన్నవారి లెక్క వేరు. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు మొత్తం 16 ఏళ్ల చదువు కోరతాయి. మూడేళ్ల బి.సి.ఏ.తో అయ్యేది 15 ఏళ్లే.