పాటల పేకను గలుపువా రెవరు?

ప్రతిదినము రైలులో నుద్యోగమునకు బోవుచు, చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని, వరుస లేక కలగలుపుగా వచ్చు పంకు పాటలను, ఇండీ పాటలను వినువారిపై మన పెద్దలు కొందఱు రెండు నేరములు మోపుచున్నారు. అవి పాటలు గావు, కేకలని మొదటిది. పుస్తకమున నిచట నొక పుట, అచట నొక పుట చదివినట్లు, వరుస విడిచి వినుట రసికత గాదని రెండవది. హైదరాబాదున మియాపూరునుండి ఎల్. బి. నగరమునకు నిత్యము మెట్రోలో బోవుచు నేనును ఈ పని చేయువాడనే. ఈ రెండు నేరములును నిలువవని నా వాదము. నిలుచునది మూడవది యొకటి కలదు. దానిని మాత్రము మాపై నెవరును మోపుటలేదు.

మొదటిదానిని విచారింతము. పంకు సంగీతము 1970 దశకపు నడుమ న్యూయార్కునందును, లండనునందును తలయెత్తినది. గిటారుపై మూడు పట్టులు వచ్చినచో బృందము కట్టవచ్చును, ఎవరి యనుజ్ఞయు నక్కఱలేదనుట దాని మూలసూత్రము. మాంచెస్టరు నగరపు బజ్‌కాక్స్ బృందమువారు 1976 డిసెంబరులో ఒక్క దినమున నాలుగు పాటలు రికార్డు చేసి, 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అను రికార్డును స్వయముగ వెలువరించిరి. మొదట నచ్చొత్తించినవి 1,000 ప్రతులు. ఏ పాట యెన్నవ ప్రయత్నమున గుదిరినదో అట్టమీదనే ముద్రించిరి. చేయు విధము దాపఱికము లేక చూపబడినందున, మనమును జేయవచ్చునను ధైర్యము చూచినవారికి గలిగినది. ఇట్లు పెద్ద కంపెనీల నాశ్రయింపని స్వతంత్రులకే ‘ఇండీ’ అను పొట్టిపేరు వచ్చినది. 1980 జనవరినుండి బ్రిటనునందు వారి రికార్డులకు వేఱు పట్టికయే వెలువడజొచ్చినది. వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ నారంభించి, పిమ్మట ముద్రాలయమును గూడ దామే నెలకొల్పుకొనిరని మనము గర్వముతో జెప్పుకొందుము. ఆశ్రయదాతను గోరక తన మాటను తానే యచ్చువేసికొనుట అచట సంస్కారమైనచో, ఇచట కేక యెట్లగును?

ఇక రెండవది. రమోన్స్ బృందమువారి మొదటి ఆల్బము 1976లో వెలువడినది. 14 పాటలు, 29 నిమిషములు. స్టేషనుకును స్టేషనుకును నడుమ ముగియు పాటలివి. వీనిని పేకముక్కలవలె గలిపి వినినంత మాత్రమున దోషము లేదు. నెలల తరబడి మఱచిన పాట హఠాత్తుగ చెవిని బడినపుడు కలుగు సంతోషము కలిపి వినువానికే తెలియును. అయినను, వరుసగ వినవలసిన కృతులును గలవు. 2021లో గాయని అడెల్ కోరిన మీదట, ఆల్బములను కలిపి వినిపించు మీటను స్పాటిఫైవారు ముందువరుసనుండి తొలగించిరి. అది కర్త కోరదగిన కోరికయే. కాని తన సొంత పెట్టెలోని పాటలను తాను గలుపుకొనువానికి దీనివలన నింద రాదు.

నింద వచ్చు చోటు వేఱు. కలుపుచున్నది మనమేనా?

నిజమైన యాదృచ్ఛికము మనకు యాదృచ్ఛికముగ దోచదు. ఒకే గాయకుని పాటలు మూడు వరుసగ వచ్చినచో యంత్రము పక్షపాతము చేసినదందుము. అందుచే 2005లో ఆపిల్‌వారును, తరువాత స్పాటిఫైవారును ఒకరి పాటలు దూరదూరముగ పడునట్లు పద్ధతిని సవరించిరి. ఇంతవఱకు హాని లేదు. కాని 2020లో స్పాటిఫైవారు మఱియొక పద్ధతిని బ్రకటించిరి: హక్కుదారు తక్కువ రాయల్టీకి సమ్మతించినచో, రేడియో, ఆటోప్లే మొదలగు చోట్ల నతడు కోరిన పాట మనకు వినబడు నవకాశము పెరుగును. 2024 మొదలు, గడచిన 12 నెలలలో 1,000 మారులైనను వినబడని పాటకు రికార్డు రాయల్టీ లేదు. అనగా మన జాబితా ముగిసి, అడుగకయే యంత్రము పాటలను సాగించునపుడు, పేక పంచువాడును పందెమున గూర్చున్నాడు. మనము దానిని అదృష్టమనుకొని తలయూపుచున్నాము. ఎవరి యనుజ్ఞయు నక్కఱలేదని పాడినవారి పాట నేడొక యంగడివాని యనుజ్ఞతో మన చెవికి వచ్చుచున్నది. తొమ్మిదివందల మారులు వినబడిన చిన్న బృందమునకు దమ్మిడీ ముట్టుటలేదు.

“ఆ యంత్రమువలననే గదా క్రొత్త పాటలు దొరకినవి?” అని కొందఱడుగుదురు. దొరకినమాట నిజమే. పెండ్లిండ్ల పేరయ్యయు నొక్కొక్కప్పుడు మంచి సంబంధమే తెచ్చును. అయినను, అతడు అవతలివారియొద్ద నేమి పుచ్చుకొనెనో విచారింపక పిల్లనిచ్చు నింటిని మనము వివేకముగల యిల్లని యందుమా? సంబంధముల విషయమున నేర్చిన పాఠమును చెవుల విషయమున నేల విడువవలెను?

చేయవలసినది కష్టమైన పనియు గాదు. ఆటోప్లే మీటను నొక్కి యాపివేయుడు. మీ పాటల నిలువను మీరే కూర్చుకొనుడు. నచ్చిన బృందముయొద్దనే నెలకొక రికార్డైనను గొనుడు. బ్యాండ్‌క్యాంపు వంటి చోట డిజిటల్ అమ్మకముపై అంగడి పుచ్చుకొనునది నూటికి 15 మాత్రమే. బండి దిగుటకు ముందు, మనసు నాకర్షించిన పాట పేరేమో, పాడినవా రెవరో చూచి గుర్తుంచుకొనుడు. ఇంటికి వచ్చి పిల్లలకు వినిపించునపుడు పాటతోపాటు ఆ పేర్లను గూడ జెప్పుడు. నేను మూడేండ్లు వినిన పాటలలో సగమునకు గర్తల పేర్లు చెప్పలేకపోయిన నాడే ఈ సిగ్గు నాకు దెలిసినది. అట్లు చేసిన పిదప పేకను మీ యిష్టము వచ్చినట్లు గలుపుకొనుడు. మిమ్ము నాక్షేపించుటకు పెద్దలకుగాని, నాకుగాని హక్కుండదు.