సోలార్ వేడినీళ్ళు – మన బోరునీటి గార

చలికాలము వచ్చినది మొదలు మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఒక్క ప్రశ్ననే వేయుచున్నారు. మిద్దెపై ఎండవేడిమితో నీరు కాచు యంత్రమును, అనగా జనులు సోలార్ గీజరు అనుదానిని, పెట్టించుకొనుటకు సంఘము అప్పు ఇచ్చునా అని. ఇయ్యవచ్చుననియే నా యభిప్రాయము. కాని యే యంత్రమునకు ఇయ్యవలెనను విషయమున నాకును వారికిని భేదము కలదు. వారు వెలను చూచుచున్నారు. ముందు బావినీటిని చూడుమని నేననుచున్నాను.

ఈ యంత్రమువలన లాభము లేదనువాడను గాను. నూరు లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు కావలసిన వేడి విద్యుత్తు లెక్కన నాలుగున్నర యూనిట్లకు పైమాటే. ఆ నీటినే మూడురాళ్ళ పొయ్యిమీద కాచితిమేని ఎనిమిది పది కిలోల కట్టె కాలును. మంటలోని వేడి చాలవరకు గాలిపాలే. పత్తికట్టెయైనను తుమ్మకట్టెయైనను మోసి తెచ్చునది, తెల్లవారుజామున పొగలో కూర్చుండి ఊదునది మన యిండ్లలోని స్త్రీలే. పురుషులమైన మనము కాగిన నీటిని మాత్రమే యెరుగుదుము.

నా యింటి సంగతియే చెప్పెదను. నాలుగేండ్ల క్రిందట గాజుగొట్టముల యంత్రము నొకదానిని, తక్కువ వెలకు దొరికినదను సంబరముతో, కొని తెచ్చి బోరునీటికి కలిపితిని. మొదటి చలికాలమున నీళ్ళు చేయి పెట్టనీయనంత వేడిగా వచ్చెను. రెండవ యేట గోరువెచ్చనాయెను. మూడవ యేట ఒక గొట్టమును ఊడదీసి చూడగా అడుగున పిడికెడు తెల్లని సున్నపు పెళ్ళలు! అమ్మినవానిని అడుగగా "నీ నీరే చెడ్డది" అనెను. అది నిజమే. కాని సొమ్ము పుచ్చుకొనక మునుపు చెప్పవలసిన మాట.

మన మహబూబ్‌నగర్, నల్గొండ సీమలలో చాలవరకు భూమిక్రింద నున్నది గ్రానైటు జాతి బండ. బోర్లు ఆ బండ పగుళ్ళలోని నీటిని తోడును. అనేక గ్రామములలో ఆ నీటియందు కాల్షియము, మెగ్నీషియము లవణములు మెండుగా కరగియుండును. చల్లగా నున్నంతవరకు అవి కంటికి కనబడవు. నీరు కాగినంతనే వానిలో కొంతభాగము సున్నపురాయియై విడివడి, వేడి తగులుచోటనే అంటుకొనును. కాగు అడుగున కట్టు గార ఇదియే. కాగును చింతపండుతో తోమవచ్చును. వ్రేలెడు లావు గొట్టము లోపలిభాగము నెవరు తోమగలరు? త్రాగునీటికి భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యమును అంగీకరించుచు, వేరు నీరు లేనిచోట 600 వరకు ఓర్చును. పరీక్షలో ఆ మొదటి సంఖ్యకు మించినకొలది గార భయము హెచ్చును. పరీక్షకు ముందే కొంత తెలిసికొనవచ్చును: కందిపప్పు త్వరగా ఉడకని యింట, సబ్బు నురుగు రాని యింట, ఈ యంత్రమును గూర్చి రెండుమారులు ఆలోచింపవలెను.

గాజుగొట్టములు వద్దని రాగిపలకల యంత్రమును కొన్న చాలునా యనిన, చాలదు. అది యెక్కువకాలము మన్నుమాట నిజమే కాని, దానిలోని రాగిగొట్టములు సన్ననివగుటచే గారతో వేగముగా పూడును. దీనికొక ఉపాయము పాతదే కలదు. అమెరికాలోని కాలిఫోర్నియాయందు విలియం బెయిలీ యనునతడు 1909 ప్రాంతమున నీరు కాగు పలకను, వేడి నిలుపు తొట్టిని వేరుచేసి యంత్రము నిర్మించెను. 1913లో పడిన మంచుకు ఆ గొట్టములు పగిలిపోగా, పలకలో మద్యసారము కలిపిన నీటిని వేరుగా తిరుగనిచ్చి, తొట్టిలోని చుట్టగొట్టము ద్వారా ఇంటినీటికి వేడి నందించెను. అతడు మంచుకు చేసిన మందు మన గారకును పనిచేయును. పలకలో శుద్ధమైన నీరే మరల మరల తిరుగును. బోరునీరు తొట్టిలోనే యుండును. వర్తకులు దీనిని హీట్ ఎక్స్చేంజరందురు. వెల హెచ్చు. తొట్టిలో గార బొత్తిగా కట్టదని చెప్పజాలను గాని, పలక మాత్రము పూడదు.

ఇంతకంటె చౌకమార్గము, యంత్రమునకు బోరునీటికి బదులు 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కుళాయినీటిని కలుపుట. నదినీటిలో సాధారణముగా గార తక్కువ. అయితే ఆ నీరు తనంత తాను మిద్దె యెక్కదు. యంత్రపు తొట్టికంటె ఎత్తున మరియొక చన్నీటి తొట్టి కావలెను.

ఆ తొట్టిని వాస్తు పేర నైరుతిమూలను ఎత్తుగా కట్టి, దాని నీడలోనే యంత్రమును నిలిపినవారిని నేనెరుగుదును. అట్టివారికి మధ్యాహ్నపుటెండ దక్కదు! పలక దక్షిణమునకు చూడవలెను. మనకు చలికాలమునందే పని గనుక ముప్పది డిగ్రీల వాలు మేలు. మట్టిమిద్దెపై పెట్టరాదు, నీటితో కూడ ఆ బరువు నూరు కిలోలను దాటును. కోతులు తిరుగు ఊళ్ళలో ఇనుపజాలి తప్పదు; గాజుగొట్టము ఒక్కటి పగిలిన తొట్టినీరంతయు పోవును. ఎండలో కాగిన ఖాళీ గొట్టములలో చన్నీరు విడువరాదు, గాజు చిట్లును. తెల్లవారకమునుపే నింపుడు.

నల్గొండ వైపు సభ్యులకు ఇంకొక మాట. నీరు కాగినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. మరగి యింకిన నీటిలో దాని పాలు ఇంకను హెచ్చును. ఈ యంత్రపు నీటితో స్నానము చేయుడు, పాత్రలు కడుగుడు. వంటకు, త్రాగుటకు వాడవద్దు.

కేంద్ర ప్రభుత్వము ఈ యంత్రముల కిచ్చుచుండిన రాయితీ 2014లో నిలిచినది. 2024లో ఆరంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము కరెంటు పుట్టించు పలకలకేగాని దీనికి గాదు. రాయితీ యిప్పింతునని ముందుగా సొమ్మడుగువానిని నమ్మకుడు. కావున పెట్టుబడి యంతయు మనదే. అప్పుదరఖాస్తుతోపాటు నీటిపరీక్ష కాగితమును జతపరుపవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. స్నానమునకు నాలుగు నెలలే వేడినీరు కావలసినవారికంటె, పాలక్యానులు కడుగుటకు ఏడాది పొడవునా కావలసిన పాడిరైతులకు ముందుగా అప్పు ఇచ్చుట న్యాయమని నా తలంపు. దీనికి ఒప్పుకొననివారు వచ్చు సంచికకు వ్రాయవచ్చును.