బండి కూడా ఎక్కే ఓడ కావాల

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే సర్దుకోండి.

పోయినేడాది ఇంగ్లండులో ఉండే మా అక్క కారులో అమ్మను ఫ్రాన్సుకు తీసుకుపోయినాము. డోవర్‌లో కారుతోనే ఓడలోకి పోయి, గంటన్నరకు కాలేలో కారుతోనే దిగినాము. ఫ్రాన్సు వాళ్ల పాస్‌పోర్టు తనిఖీ కూడా డోవర్‌లోనే, అమ్మ సీటు దిగకుండానే అయిపోయింది. వాకరు, మందులు, ఊరగాయ సీసా అన్నీ డిక్కీలోనే ఉండినాయి.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు కాబట్టి ముందే జాబితా రాసుకుంటిని: కారు ఒరిజినల్ పత్రం, ఇన్సూరెన్సు, వెనక యూకే స్టిక్కరు. ఫ్రాన్సులో కుడివైపు నడపాల కదా, ఎదుటివాళ్ల కళ్లలో వెలుతురు కొట్టకుండా హెడ్‌లైట్లకూ స్టిక్కర్లు అతికించినాము.

శ్రీలంకకైతే ఆ తంటా కూడా లేదు, అక్కడా మన మాదిరే ఎడమవైపు. బెంగళూరు నుంచి నాగపట్నం దాకా సొంత కారులోనే పోవచ్చు. కానీ 2023 అక్టోబరులో అక్కడ నుంచి కాంకేసన్‌తురైకి మొదలైన ఓడలో మనుషులకే చోటు, కారును రేవులో వదిలిపోవాల.

కార్లు ఎక్కించాలంటే వేరే రకం ఓడ, రేవులో ర్యాంపు, బండిని తిరిగి తెస్తామని హామీ ఇచ్చే కార్నె కాగితం కావాల, ఖర్చు ఎక్కువ అంటారు. నిజమే. అయినా ఇది పడుచువాళ్ల సరదా అని పక్కన పెట్టొద్దు. బస్సులు మారలేని, బ్యాగులు మోయలేని పెద్దవాళ్లకే ఇది ముందు కావాల.

"జాఫ్నాకు మన కారులో ఎప్పుడు పోదాం రా?" అని అమ్మ అడుగుతానే ఉంది.